చూపించాల్సిన ముక్కలు

సెప్టెంబరు 13, 1979. గురువారం

రంగు పెద్దదా, వరుస పెద్దదా?

రంగే పెద్దది. ఐదు ముక్కలూ ఒకే గుర్తువి పడితే రంగు. గుర్తులు ఏవైనా సరే, అంకెలు ఒకదాని వెనక ఒకటి వస్తే వరుస. పేకాటలో మిగతా ఆటల సంగతి నాకు తెలీదు గానీ, పోకర్‌లో మాత్రం రంగు వరుసని కొట్టేస్తుంది. ఇది నాకు జడలు వేసుకునే వయసు నుంచీ తెలుసు. మా ఆయన రాయ్స్‌కి ఆట నేర్పిందే నేను. పెళ్ళైన కొత్తలో, వంటింటి బల్ల మీద, ఎండు చిక్కుడు గింజలు పందెంగా పెట్టి.

ఇవాళ మధ్యాహ్నం ఎమెట్ ఉన్ని గోదాములో, మా గురువారం ఆటలో, రాయ్స్ స్నేహితులు ముగ్గురి ముందూ, "వరుసే పెద్దది" అన్నాను.

హోరేస్ చేతిలో ఐదూ ఇస్పేట్లు. ఎలీసియో దగ్గర ఆరు నుంచి పది దాకా వరుస. ఆట తేలగానే గెలిచింది ఎవరో చెప్పి, మధ్యలో ఉన్న పందెం బిళ్ళలు వాళ్ళ వైపు నెట్టడం నా అలవాటు. రాయ్స్ పోయినప్పటి నుంచీ ఆ బల్ల దగ్గర నా మాటే చట్టం. నెట్టేశాను, ఎలీసియో వైపు.

ఎలీసియో బిళ్ళల్ని ముట్టుకోలేదు. కొంతసేపటికి ముట్టుకున్నాడు. హోరేస్ తన ఇస్పేట్లు పోగేసి, "అలాగే వదినా" అన్నాడు. ముప్పై ఏళ్ళు రైళ్ళ మీద పనిచేసి, గార్డులతోనూ డ్రైవర్లతోనూ కీచులాడి, ఒక్క బిళ్ళ కోసం అరగంట వాదించే మనిషి. అలాగే వదినా, అన్నాడు.

తీగ మీద బట్టలు తీస్తుంటే గుర్తొచ్చింది. దుప్పటి చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో.

నేను తప్పు చెప్పినందుకు కాదు. ఒక్కరూ కాదనలేదే, అందుకు.


సెప్టెంబరు 14

ఎండలు. రాత్రి నిద్ర లేదు. పైగా జలుబు మాత్రలు వేసుకున్నాను, అవి బుర్రని దిమ్మెక్కిస్తాయని సీసా మీదే రాసుంటుంది. అంతే.


సెప్టెంబరు 17

నాకు నేనే పరీక్ష పెట్టుకుంటున్నాను. ఏమీ చూడకుండా రాయాలి.

యాభై రెండు ముక్కలు. జోకర్లు తీసెయ్యాలి. పంచేముందు అందరూ తలా ఒక బిళ్ళ మధ్యలో వెయ్యాలి, ఊరికే కూర్చుని మంచి ముక్కల కోసం ఎదురుచూసేవాడికి కూడా కాస్త నొప్పి ఉండాలని. కలిపి, కుడిపక్క వాడి చేత కోయించి, ఎడమ పక్క నుంచి ఒక్కొక్కటే, తలా ఐదు పంచాలి. ఎవరి ముక్కలు వాళ్ళే చూసుకోవాలి.

ఎడమ పక్కవాడు మొదట మాట్లాడతాడు. ఎవరూ పందెం వెయ్యకపోతే వెయ్యకుండా ఊరుకోవచ్చు. ఒకరు వేశాక మాత్రం మూడే దారులు: అంతకి అంత వేసి సరిపెట్టడం, పెంచడం, ముక్కలు పడేసి తప్పుకోవడం. వంతు రాకుండా నోరు విప్పకూడదు. అదయ్యాక అక్కర్లేని ముక్కలిచ్చి, అన్ని కొత్తవి తీసుకోవచ్చు, మూడు దాకా. మళ్ళీ ఒక చుట్టు పందెం. ఆఖరికి మిగిలినవాళ్ళు చూపించాలి. పెద్ద చెయ్యి, అంటే పెద్ద ముక్కల కూర్పు, ఎవరిదైతే వాళ్ళదే మధ్యలో ఉన్నదంతా. అందరూ పడేసి ఒక్కడే మిగిలితే వాడు చూపించక్కర్లేదు. వాడి దగ్గర ఏమీ లేకపోయినా సరే. బుకాయింపు అంతా అక్కడే ఉంది. ఆట కూడా అక్కడే ఉంది.

చేతులు, చిన్న నుంచి పెద్దకి: ఏమీ లేనిది, ఒక జత, రెండు జతలు, ఒకే అంకెవి మూడు, వరుస, రంగు, మూడూ రెండూ కలిసిన నిండు చెయ్యి, ఒకే అంకెవి నాలుగు, ఒకే గుర్తులో వరుస.

ఇంకో రెండు. బల్ల మీద ఎదుట ఉన్న బిళ్ళలతోనే ఆడాలి, ఆట మధ్యలో జేబులో చెయ్యి పెట్టకూడదు. పడేసిన ముక్కలు చచ్చినవాళ్ళతో సమానం, వాటిని తిప్పి చూడకూడదు. ఎవరివి వాళ్ళే పాతిపెట్టుకోవాలి.

అన్నీ వచ్చాయి. ఒక్క తప్పూ లేదు. రెండుసార్లు చదువుకున్నాను.


సెప్టెంబరు 20, గురువారం

గొంతు బాలేదని చెప్పి గెలిచినవాళ్ళ పేరు చెప్పే పని ఎమెట్‌కి ఇచ్చాను. ఎవరూ ఎందుకని అడగలేదు. ఎలీసియో వాళ్ళావిడ చేసిన తమాలీలు తెచ్చాడు, మాంసం కూరిన మొక్కజొన్న పిండి ముద్దలు, పొట్టులో చుట్టి ఇంకా వేడిగా ఉన్నాయి. బాగా ఆడాను. నాలుగైదు చేతులు గెలిచాను. ఒకదాంట్లో హోరేస్‌ని వట్టి జతతో బుకాయించి పడగొట్టాను. "నీతో ఆడ్డం కంటే గొర్రెకి ప్రార్థన నేర్పడం తేలిక వదినా" లాంటి మాటేదో అన్నాడు, అందరం నవ్వాం.

చూశావా. జలుబు మాత్రలే.


సెప్టెంబరు 21

హోరేస్ నిన్న ఏమన్నాడో అది కాదు. గొర్రెల గురించే ఏదో అన్నాడు. ఏమన్నాడు?


సెప్టెంబరు 25

అమ్మ గుర్తొస్తోంది. తెచ్చుకోవడం లేదు, దానంతట అదే వస్తోంది.

అమ్మ డెబ్బై దాటాక మొదట చెప్పులు పొయ్యి లోపల పెట్టేది. తర్వాత పిల్లలకి అన్నం పెట్టాలంటూ మధ్యాహ్నాలు వీధిలోకి వెళ్ళిపోయేది; ఆ పిల్లలం మేమే, మాకు మనవలు పుట్టే వయసు. ఆసుపత్రిలో చేర్చాక నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. అరిచేవాళ్ళని చూశాను అక్కడ, కొట్టేవాళ్ళని చూశాను. అమ్మ అరవలేదు. కుర్చీ చూపించి, "కూర్చోండమ్మా, మీరు ఎవరి తాలూకు?" అని ఎంతో మర్యాదగా అడిగేది. 

నాకిప్పుడు డెబ్బై రెండు.

చెప్పులు మంచం కిందే ఉన్నాయి. చూసొచ్చాను.


సెప్టెంబరు 27, గురువారం

మళ్ళీ గెలిచాను. చెయ్యి తిరిగింది. ఎమెట్ ఇవాళ నా ఎదుట నిలబడనే లేదు, నేను పందెం వేస్తే చాలు, పడేస్తున్నాడు. ముసలాడికి పిరికితనం వచ్చింది.


అక్టోబరు 4

ఆట ఉన్న రోజే కొరీన్ రావాలా. చెల్లెలి కూతురు, మంచిపిల్ల, అబిలీన్ పట్నం నుంచి కారు నడుపుకుంటూ వస్తుంది నన్ను చూడ్డానికి. పిల్లలకి పాఠాలు చెప్పీ చెప్పీ దాని కళ్ళకి తప్పులు పట్టడం అలవాటైపోయింది. వచ్చిన పది నిమిషాలకే మాడిపోయిన గిన్నె పట్టుకుంది. బీన్స్ పొయ్యి మీద పెట్టి పెరట్లోకి వెళ్ళాను, ఎవరికైనా జరుగుతుంది అన్నాను. దాని వెనక నేను దాచిన ఇంకో గిన్నె కూడా తీసింది.  రెండూ ఇసక పెట్టి తోమింది.

భోజనాల దగ్గర, వాళ్ళింట్లో వెనక గది ఖాళీగా ఉందనీ, కిటికీలోంచి పికాన్ కాయల చెట్టు కనిపిస్తుందనీ చెప్పింది. నాకు ఇక్కడ కూడా చెట్లున్నాయన్నాను. "చెట్ల కోసం కాదు పెద్దమ్మా" అంది.

దాన్ని ఒక్కసారి గోదాముకి రమ్మన్నాను, మా ఆట చూద్దువుగాని అని. నా బుర్ర ఎంత పదునుగా ఉందో దాని కళ్ళతో అదే చూస్తుందని. వచ్చింది. ఉన్ని బేళ్ళ వాసనకి ముక్కు మూసుకుంటూ నా వెనక కూర్చుంది. గెలిచాను. వరసపెట్టి గెలిచాను. వెళ్ళేటప్పుడు అది నా వైపు కాకుండా ఎమెట్ వైపు చూసింది. ఎమెట్ టోపీ సర్దుకుంటూ నేల చూశాడు.

అది అలా ఎందుకు చూసింది?


అక్టోబరు 10, గురువారం

నన్ను వెలేశారు.

ఎప్పటిలాగే భోంచేసి గోదాముకి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. వెనక గదిలో బల్ల మీద పేక లేదు, బిళ్ళలు లేవు, కుర్చీలు గోడకి చేర్చి ఉన్నాయి. నేనే ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. బయట కుర్రాళ్ళు బేళ్ళు ఎత్తుతున్నారు, ఒకడు లోపలికి తొంగిచూసి వెళ్ళిపోయాడు. ఆట ఇంకెక్కడికో మార్చేసుకున్నారు. హోరేస్ వాళ్ళింట్లో ఆడుతున్నారు, నాకు తెలుసు. కొరీన్ వాళ్ళతో ఏదో చెప్పింది. ఆ చూపుకి అర్థం ఇదీ, అనుకున్నాను.

ఎమెట్ చాలాసేపటికి వచ్చి, నా చేతికి గాజు గ్లాసు ఇచ్చి, చల్లటి టీ పోసి చెప్పాడు. "రేపు వదినా. ఇవాళ బుధవారం."

తెలుసు, అన్నాను. ఊరికే అటుగా వచ్చాను, అన్నాను.

పైన తేదీ పక్కన గురువారం అని రాశాను. ఇంటికొచ్చి కూడా అలాగే రాశాను.


అక్టోబరు 11

ఇవాళ ఆట ఉంది, వెళ్ళాను. 

నాకు జత పడింది, ఎనిమిదులు. మూడు ముక్కలు మార్చినా మెరుగుపడలేదు. పందెం వేశాను. హోరేస్ పడేశాడు, ఎలీసియో పడేశాడు. ఎమెట్ మార్చుకున్నది రెండే ముక్కలు. రెండే మార్చుకున్నాడంటే చేతిలో ఒకే అంకెవి మూడు పట్టుకుని ఉన్నాడన్నమాట, అది ఎవరికైనా తెలుస్తుంది, నాకు తెలీదా. నేను వేసిన పందెం చూశాడు, తన ముక్కలు చూశాడు, బోర్లించి పడేశాడు.

నేను చెయ్యి చాపి అతని ముక్కలు తిప్పాను.

మూడు రాణులు.

ఆ బల్ల దగ్గర అలా ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు. ఒకసారి బయటి మనిషెవరో అలా చేస్తే, రాయ్స్ అతని టోపీ అతని చేతికిచ్చి తలుపు చూపించాడు. ఆ నియమం వాళ్ళందరికీ నేర్పింది నేనే. ముగ్గురూ కదల్లేదు. ఫ్యాను తిరుగుతోంది. మూడు రాణులూ వెల్లకిలా పడి ఉన్నాయి, నా ఎనిమిదుల జత ముందు.

తర్వాత నేను హోరేస్ ముక్కలు కూడా తిప్పాను. అతని దగ్గరా నా కంటే పెద్దదే ఉంది.

ఎలీసియోవి తిప్పలేదు. అతను తన ముక్కల మీద అరచెయ్యి పెట్టి, "వద్దు అక్కా" అన్నాడు. గొర్రెల బొచ్చు కత్తిరించీ కత్తిరించీ ఆ వేళ్ళు వంకర తిరిగిపోయాయి. ఆ చెయ్యి వంకే చూస్తూ లేచి వచ్చేశాను.


అక్టోబరు 12

ఎన్నాళ్ళ నుంచి?


అక్టోబరు 15

ఫోను మోగింది. ఎత్తలేదు. మళ్ళీ మోగింది.

నేను గెలిచిన చేతులన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటున్నాను. గుర్తున్నవి. హోరేస్‌ని బుకాయించి పడగొట్టింది కూడానా? అది కూడా వాళ్ళు పెట్టిన భిక్షేనా? కొరీన్ ఎదుట గెలిచినవన్నీ సరే. అంతకుముందు? వేసవిలో?

పసిపిల్లలతో ఆడేటప్పుడు ఇలాగే ఓడిపోతాం. వాళ్ళు చప్పట్లు కొడతారు.


అక్టోబరు 18, గురువారం. గురువారమే, పేపరు చూసి రాస్తున్నాను.

గోదాముకి వెళ్ళనని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు నిలబడలేదు, నేను వెళ్ళాలనుకుని మాత్రం కాదు.

పొద్దున్న కరెంటు బిల్లు పోస్టులో వెయ్యడానికి కారు తీశాను. పోస్టాఫీసు మా వీధి చివర కుడివైపు తిరిగితే వస్తుంది. తిరిగాను. అది రాలేదు. సరే ముందుకి వెళ్ళాను. ఇళ్ళు పలచబడ్డాయి. ముళ్ళకంపలు, కంచెలు, గొర్రెలు. నేను చూసిన ఊరే, నేను చూసిన కంచెలే, కానీ ఏ కంచె ఏ కంచె తర్వాతదో తెలీలేదు. పేక కలిపేసినట్టు ఉంది. ఒక ఇనుప గేటు ముందు కారు ఆపాను. ఇంజను ఆపేశాను. అప్పుడు భయం వచ్చింది. అంతవరకూ రాలేదు, విచిత్రం. చీకట్లో పిల్లలకి వచ్చే భయం కాదు. మనుషులు ఉన్నట్టుండి తెలీని భాష మాట్లాడుతున్నట్టు, ఎండ కూడా తెలీని ఎండ అయిపోయినట్టు. చేతులు చక్రం మీద నుంచి తీయలేకపోయాను. ఒళ్ళో కవరు ఉంది, దాని మీద నా చిరునామా ఉంది, చదివాను. ఆ ఇల్లు ఎక్కడుందో తెలీలేదు.

ఒక పికప్ ట్రక్కు ఆగింది. పాతికేళ్ళ మనిషి, పచ్చచొక్కా. ఎవరింటికి వెళ్ళాలమ్మా అని అడిగాడు. రాయ్స్ ఇంటికి, అన్నాను. ఏ రాయ్స్ అన్నాడు. ఉన్ని కొంటాడు, ఎమెట్ గోదాములో ఉంటాడు ఈ వేళప్పుడు, అన్నాను.

రాయ్స్ పోయి పదకొండేళ్ళు. అది ఆ క్షణంలో నాకు తెలీదు. అది రాయాలి, కాబట్టి రాస్తున్నాను. తెలీదు.

అతను నన్ను గోదాముకి తీసుకొచ్చాడు. వెనక గదిలో ముగ్గురూ ఉన్నారు. ఆడటం లేదు, ఊరికే కూర్చుని ఉన్నారు. నా కుర్చీ బల్లకి వేసే ఉంది.


అక్టోబరు 19

నిన్న జరిగింది మిగతాది రాయాలి, పోకముందే.

హోరేస్, ఎలీసియో నా కారు తీసుకురావడానికి వెళ్ళారు. ఎమెట్ నా ఎదురుగా కూర్చున్నాడు. నీళ్ళిచ్చాడు. తాగేదాకా ఏమీ అడగలేదు. అప్పటికి నాకు రాయ్స్ సంగతి గుర్తొచ్చేసింది, సిగ్గు కూడా వచ్చింది. భయం కంటే సిగ్గే నయం.

ఎన్నాళ్ళ నుంచి తెలుసు అని అడిగాను.

"వసంతంలో, ఉన్ని కోతలప్పటి నుంచి" అన్నాడు. అప్పుడు నేను ఒకే చేతిలో రెండుసార్లు ముక్కలు మార్చుకున్నానట. తర్వాత హోరేస్‌ని రాయ్స్ అని పిలిచానట. హోరేస్ పలికాడట.

"ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారా నా గురించి?"

"మాట్లాడుకున్నాం."

"నాతో చెప్పాలనిపించలేదా ఒక్కడికీ?"

"చెప్తే నువ్వు రావడం మానేస్తావు వదినా."

"వచ్చాను కదా. వచ్చి ఏం చేశాను? మీరు ఆడుతున్నట్టు నటిస్తుంటే నేను గెలుస్తున్నట్టు మురిసిపోయాను. కొరీన్‌ని కూడా తెచ్చి కూర్చోబెట్టాను."

అతను ఒప్పుకున్నాడు. అది తప్పేనన్నాడు.  కోతల రోజుల్లో వాన పడితే బేళ్ళ కింద చెక్కలు పెట్టడానికి మేం నలుగురం, రాయ్స్‌తో కలిసి ఐదుగురం, మోకాలు లోతు నీళ్ళలో పరిగెత్తేవాళ్ళం. ఆ మాట ఎందుకో చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆగి, "నాకు భయమేసింది" అన్నాడు. "నీకు చెప్పేస్తే అది నిజమైపోతుందని భయమేసింది. అంతే. నీ మీద జాలి పడి కాదు."

నాకు అతని మీద జాలేసింది. కోపం కూడా ఉంది, అది పోలేదు.

నా షరతులు చెప్పాను. నేను వస్తాను. నన్ను ఓడించగలిగినప్పుడు ఓడించాలి. నేను తప్పు చేస్తే అక్కడే, అందరూ వినేలా చెప్పాలి. కారు ఇంక నేను నడపను, అతనే వచ్చి తీసుకెళ్ళాలి. ఇక బల్ల దగ్గర నేను పనికిరాని రోజు వస్తే, ఆ మాట అతను నాకు చెప్పాలి. కొరీన్‌కి చెప్పి కొరీన్ చేత చెప్పించడం కాదు. అతనే, నా మొహం మీద.

"ఆ ఒక్కటీ నా వల్ల కాదు" అన్నాడు.

"అయితే నేను రాను."

టోపీ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. బయట నా కారు చప్పుడు వినపడింది, హోరేస్ గేర్లు విరగ్గొడుతున్నాడు. అది విని ఇద్దరం ఒకేసారి తలెత్తాం. అప్పుడు సరేనన్నాడు.


అక్టోబరు 24

చేతులు, చిన్న నుంచి పెద్దకి: ఒక జత, ఒకే అంకెవి మూడు, రెండు జతలు, వరుస, రంగు, నిండు చెయ్యి, నాలుగు, ఒకే గుర్తులో వరుస.

సాయంత్రం. పైది తప్పు. మూడు కంటే రెండు జతలు చిన్నవి. పొద్దున్న రాసినప్పుడు ఎంత ధీమాగా రాశానో, ఒక్క కొట్టివేత కూడా లేదు. అదే భయం. తప్పు రాసేటప్పుడు లోపల ఏదీ గుచ్చుకోవడం లేదు. తప్పుకీ ఒప్పుకీ రుచి ఒకటే.


అక్టోబరు 28

కొరీన్‌కి ఫోన్ చేశాను. నేనే చేశాను. గిన్నెల గురించి, పోస్టాఫీసు గురించి, పచ్చచొక్కా మనిషి గురించి అన్నీ చెప్పాను. అమ్మ గురించి దానికి తెలుసు, చెప్పక్కర్లేదు. అవతల ఏడుస్తోందని తెలిసింది, ఏడవకుండా మాట్లాడాలని చూస్తోంది. డాక్టరు దగ్గరికి వచ్చే వారం తీసుకెళ్తానంది. వెళ్దాం అన్నాను. వెనక గది సంగతి అడిగింది. ఆ మాట ఇప్పుడే కాదు, కానీ రానని కూడా కాదు, అన్నాను.

గురువారాలు మాత్రం నేను ఈ ఊళ్ళోనే ఉండాలని చెప్పాను. "అలాగే పెద్దమ్మా" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుంటే మళ్ళీ భయమేసింది. ఎంత పెద్ద జబ్బయితే ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుంది?


నవంబరు 1, గురువారం

ఉత్తరపు గాలి పొద్దున్నే వచ్చి పడింది. పోయిన గురువారం ధైర్యం చాలక వెళ్ళలేదు. ఇవాళ ఎమెట్ వచ్చి తీసుకెళ్ళాడు. దారిలో వాతావరణం గురించి మాట్లాడుకున్నాం, మాట్లాడ్డానికి గాలి దొరికినందుకు ఇద్దరికీ నిమ్మళంగా ఉంది.

బల్ల దగ్గర ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. హోరేస్ చలికి తిట్టుకుంటూ హీటరు వెలిగించాడు. మొదటి రెండు మూడు చేతులు అందరం జాగ్రత్తగా ఆడాం, కొత్త బూట్లు వేసుకున్నవాళ్ళు నడిచినట్టు. ఎలీసియో ఒకటి గెలిచాడు, హోరేస్ ఒకటి. నేను ఓడిపోయినప్పుడు ముగ్గురూ నా వైపు చూడకుండా ఉండటానికి పడే పాట్లు చూస్తే నవ్వొచ్చింది. నవ్వలేదు.

తర్వాతి చేతిలో నాకు రాజుల జత పడింది. రెండూ ఉంచుకుని మూడు ముక్కలు మార్చాను. ఎత్తి చూస్తే ఇంకో రాజు. మూడు రాజులు.  మొహం కదలనివ్వలేదు, అది నాకు ఇంకా చేతనవుతుంది. పందెం వేశాను. హోరేస్ పడేశాడు. ఎలీసియో కొంత ఆలోచించి పడేశాడు. ఎమెట్ ఒకే ముక్క మార్చుకున్నాడు. రెండు జతలు పట్టుకుని ఉంటాడు, నిండు చెయ్యి కోసం చూస్తున్నాడు, దొరికినట్టు లేదు. దొరికితే అతను కుడి చెవి గోక్కుంటాడు. గోక్కోలేదు. అయినా నా పందెం పెంచాడు. నేను ఇంకా పెంచాను. ఎదుట ఉన్న బిళ్ళలన్నీ పెట్టేశాను. అతను సరిపెట్టాడు.

చూపించాడు: రాణులు రెండు, తొమ్మిదులు రెండు.

నేను పరిచాను. "మూడు రాజులు" అన్నాను. చేతులు చాపి బిళ్ళలు దగ్గరికి లాక్కోబోయాను.

ఎవరూ కదల్లేదు. హోరేస్ ఫ్యాను వైపు చూస్తున్నాడు, చలికాలం కదా, అది తిరగడం లేదు. ఎలీసియో ఎమెట్ వైపు చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. ఏదో తప్పు జరిగింది. నా ముక్కల వైపు చూశాను. మూడు రాజులు. మళ్ళీ చూశాను. మూడు రాజులే.  తప్పు ఉందని తెలుస్తోంది, ఎక్కడుందో కనిపించడం లేదు. ఆ ఇనుప గేటు ముందు కూర్చున్నట్టే ఉంది. నా చేతులు ఇంకా బిళ్ళల మీదే ఉన్నాయి. చెప్పకపోతే అవి నావైపే వచ్చేస్తాయి, ఎవరూ ఆపరు. చెప్పమని నోరు తెరిచి అడగలేకపోయాను. ఎమెట్ కళ్ళలోకి మాత్రం చూశాను.

 అతను వేలు చాపి నా ముక్కల్లో చివరిదాన్ని తాకాడు.

"వదినా, ఇది రాజు కాదు. జాకీ."

నేను చూస్తూండగా రాజు కాస్తా జాకీ అయ్యాడు. గడ్డం లేదు. ఎప్పుడూ లేదు. రాజుల జత ఒక్కటే ఉంది నా దగ్గర, జత మీద రెండు జతలు గెలుస్తాయి. నోటితో ఏం చెప్పినా చెల్లదు, బల్ల మీద పడ్డ ముక్కలదే మాట.

చేతులు వెనక్కి తీసుకున్నాను.

ఎమెట్ బిళ్ళలు లాక్కున్నాడు. కొన్ని కింద దొర్లాయి. వంగి అవి కూడా ఏరుకున్నాడు. అన్నీ తీసుకున్నాడు. ఒక్కటి కూడా నావైపు వదల్లేదు. కళ్ళు తుడుచుకుంటున్నాడని తెలుస్తోంది, హీటరు పొగని తిట్టాడు.

పర్సులోంచి ఇంకాస్త తీసి కొత్త బిళ్ళలు కొనుక్కున్నాను. పంచే వంతు ఎవరిది అని అడిగాను. "నీదే వదినా" అన్నాడు హోరేస్.

కలిపాను. కోయించాను. ఎడమ పక్క నుంచి ఒక్కొక్కటే, తలా ఐదు పంచాను. హోరేస్ తన ముక్కలు ఎత్తి చూసుకున్నాడు, కళ్ళజోడు పైనుంచి నా మొహం వంక పట్టి పట్టి చూశాడు, తన ఎదుట ఉన్న బిళ్ళల్లో సగం తీసి మధ్యలోకి తోశాడు. ఎలీసియో పడేశాడు, ఎమెట్ పడేశాడు.

"ఏం వదినా, ఉంటావా, పడేస్తావా?"